క్రిస్మస్ పాటను విడదీసి వినడం

బాగా తెలిసిన పాటను చెవి సగమే వింటుంది, మిగతా సగం జ్ఞాపకం నింపేస్తుంది. అందుకే ముందు బాణీని, మాటల్ని విడదీయాలి. వాద్యాల హంగు తక్కువగా, ఒకే గొంతు పాడిన రికార్డింగ్ తీసుకోండి. బృందగానంలో అసలు బాణీ ఎటు పోతోందో పట్టుకోవడం కష్టం.

‘జాయ్ టు ద వరల్డ్’తో మొదలుపెట్టండి. మాటలు వదిలేసి మొదటి పాదాన్ని కూనిరాగం తీస్తూ, స్వరం ఎక్కినచోట పైకి, దిగినచోట కిందికి కాగితం మీద గీత గీయండి. పై షడ్జం (స) నుంచి స ని ద ప మ గ రి స అంటూ ఒక్క స్వరమూ వదలకుండా దిగుతుంది. ఇప్పుడు మాటలు కలపండి. ప్రభువు వచ్చాడన్న కబురు దిగే స్వరాల మీద, భూమి తన రాజును స్వీకరించాలన్న మాట ప నుంచి పై స దాకా ఎక్కే స్వరాల మీద పడతాయి.

మాటలకు తగ్గట్టే స్వరాలు దిగి ఎక్కాయని ఇక్కడే తొందరపడి కవిని పొగిడేస్తుంటారు. బైబిల్‌లోని 98వ కీర్తన ఆధారంగా ఐజాక్ వాట్స్ ఆ మాటలు అచ్చువేసింది 1719లో. ఇప్పటి బాణీతో జతపడింది వందేళ్లు దాటాక. పైగా అన్ని చరణాలకూ బాణీ ఒక్కటే. మూడో చరణం పాడి చూడండి: ‘పెరగడం’ అన్న మాట అట్టడుగు స్వరం మీద, ‘నేల’ అన్న మాట పై షడ్జం మీద! ఒక చరణంలో కుదిరిన పొందికను మిగతా చరణాల్లోనూ సరిచూశాకే అర్థం చెప్పాలి.

‘సైలెంట్ నైట్’ కథ వేరు. జోసెఫ్ మోర్ 1816లో రాసిన మాటలకే ఫ్రాంజ్ గ్రూబర్ 1818లో బాణీ కట్టాడు. ఆరు లెక్కపెడుతూ, 1, 4 మీద ఊనిక ఇస్తూ వినండి. చివరి పాదం రెండుసార్లు వస్తుంది. ఇప్పుడు పాడే బాణీలో మొదటిసారి ‘స్వర్గ’మన్న మాట దగ్గర పాట మొత్తంలో అన్నిటికన్నా పై స్వరం, అంటే పై మ, తగులుతుంది, రెండోసారి అవే మాటలు కింది షడ్జానికి దిగి ఆగుతాయి. ప తో మొదలయ్యే ఈ పాటను పై శ్రుతిలో ఎత్తుకుంటే ఆ పై మ దగ్గర గొంతు అందదు.

మాటలు మారితే ఏమవుతుందో ‘హావ్ యువర్‌సెల్ఫ్ ఎ మెర్రీ లిటిల్ క్రిస్మస్’లో దొరుకుతుంది. 1944లో జూడీ గార్లండ్ పాడినప్పుడు, అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకురావాలన్న పాదం ఉంది. 1957లో ఫ్రాంక్ సినాత్రా కోసం దాని స్థానంలో చిటారుకొమ్మకు నక్షత్రం కట్టమన్న పాదం వచ్చింది. రెండూ వెంటవెంటనే వినండి. వాద్యాలూ గొంతూ కూడా వేరు కాబట్టి, తేడా మాటదేనా అని తేల్చుకోవడానికి ఆ పాదాన్ని రెండు రకాలుగానూ మీరే ఒకే వేగంలో పాడి చూడండి.