కేవీఎం మెషీన్లను ఆఫీసు లాన్‌లోకి తేవడం: లైనక్స్ బ్రిడ్జ్‌తో, అవసరమైతే ఓపెన్ వీస్విచ్‌తో

కేవీఎం అంటే లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే వ్యవస్థ. వాటిని నిర్వహించే లిబ్‌వర్ట్ ఇన్‌స్టాల్ చేయగానే వీఐఆర్‌బీఆర్0 అనే సాఫ్ట్‌వేర్ స్విచ్ దానంతటదే తయారవుతుంది. దానికి తగిలించిన వీఎంలకు 192.168.122తో మొదలయ్యే అడ్రసులు వస్తాయి, నాట్ (అసలు మెషీన్ అడ్రస్ వెనక ఉండి బయటికి వెళ్లే పద్ధతి) ద్వారా ఇంటర్నెట్ కూడా అందుతుంది. అప్‌డేట్లు దించుకోవడానికి, ఏదైనా సాఫ్ట్‌వేర్ వేసి చూడటానికి ఇది చాలు. చిక్కల్లా బయటి నుంచి లోపలికి రావడంలోనే. పక్క టేబుల్ మీది కంప్యూటర్‌కు ఆ వీఎం కనపడదు. ఫైల్ సర్వరో, టెస్ట్ డేటాబేసో నడుపుతూ నలుగురూ వాడుకోవాలంటే వీఎం కూడా అసలు లాన్‌లో ఒక మెషీన్‌లా కూర్చోవాలి. అందుకు హోస్ట్‌లో (వీఎంలు నడిచే అసలు మెషీన్‌లో) బ్రిడ్జ్, అంటే సాఫ్ట్‌వేర్ స్విచ్, కట్టి, నెట్‌వర్క్ కార్డునూ వీఎంలనూ దానికి పోర్టులుగా తగిలించాలి.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది ఉబుంటు సర్వర్, నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసే సాధనం), కార్డు పేరు ఈఎన్ఓ1, హోస్ట్ అడ్రస్ 192.168.1.20, గేట్‌వే 192.168.1.1. కమాండ్లను పలికే తీరులో రాశాం, టైపు చేసేటప్పుడు మామూలు స్పెల్లింగే.

మొదలుపెట్టే ముందు

హోస్ట్ వైఫై మీద నడుస్తుంటే ఈ పని ఇక్కడే ఆపేయండి. వైఫై యాక్సెస్ పాయింట్ తనతో కనెక్ట్ అయిన మ్యాక్ అడ్రస్ (కార్డు హార్డ్‌వేర్ చిరునామా) నుంచి వచ్చిన ఫ్రేములనే (లాన్‌లో వెళ్లే డేటా ముక్కలనే) తీసుకుంటుంది. వీఎంకు ఉన్న వేరే మ్యాక్‌తో వెళ్లిన ఫ్రేములు అక్కడే పోతాయి. కేబుల్ వేయండి, లేదంటే నాట్‌తోనే సరిపెట్టుకోండి. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్లలోనూ చాలాచోట్ల ఇదే పరిస్థితి: వాళ్లు ఇచ్చిన మ్యాక్ తప్ప ఇంకొకటి కనపడితే ట్రాఫిక్ ఆగిపోతుంది.

'ఐపీ -బ్రీఫ్ లింక్', 'ఐపీ -బ్రీఫ్ అడ్రస్', 'ఐపీ రూట్' కొట్టి కార్డు పేరు, దాని మ్యాక్, ఇప్పటి ఐపీ, గేట్‌వే రాసి పెట్టుకోండి. డీఎన్ఎస్ ఏదో కూడా చూసుకోండి. ఈ మార్పును ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీది రిమోట్ లాగిన్‌లో) కూర్చుని చేయడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే, కాబట్టి మానిటరూ కీబోర్డూ తగిలించుకోండి, లేదా సర్వర్ రిమోట్ కన్సోల్ తెరిచి ఉంచండి. రెండూ కుదరకపోతే పాత నెట్‌ప్లాన్ ఫైలును కాపీ చేసి పెట్టి, 5 నిమిషాల తర్వాత దాన్ని తిరిగి తన చోట పెట్టి మెషీన్‌ను రీబూట్ చేసే పనిని సిస్టమ్‌డీ-రన్‌తో టైమర్ మీద వదలండి. అంతా సరిగ్గా వస్తే ఆ టైమర్‌ను రద్దు చేయడం మరిచిపోకండి.

బ్రిడ్జ్ కట్టడం

ఇందులో పట్టుకోవాల్సింది ఒక్కటే: కార్డు బ్రిడ్జ్‌లో చేరాక అది ఉత్త పోర్టు. ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్ అన్నీ బ్రిడ్జ్‌కే ఉండాలి. కార్డు మీద కూడా ఐపీ మిగిలిపోతే ఒకే నెట్‌వర్క్‌కు రెండు రూట్లు ఏర్పడి, హోస్ట్ కాసేపు పలుకుతుంది, కాసేపు పలకదు.

ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డరులోని ఫైలును తెరవండి. ఈథర్‌నెట్స్ విభాగంలో ఈఎన్ఓ1 కింద ఉన్న అడ్రసులూ రూట్లూ తీసేసి, డీహెచ్‌సీపీ4కు (రౌటర్ నుంచి అడ్రస్ దానంతటదే తెచ్చుకునే ఆప్షన్‌కు) ఫాల్స్ పెట్టండి. తర్వాత బ్రిడ్జెస్ విభాగం రాసి, దాని కింద బీఆర్0, దానికి ఇంటర్‌ఫేసెస్‌గా ఈఎన్ఓ1, అడ్రసెస్‌లో 192.168.1.20/24, రూట్స్‌లో డిఫాల్ట్‌కు 192.168.1.1, నేమ్‌సర్వర్స్‌లో మీ డీఎన్ఎస్ ఇవ్వండి. పాత పద్ధతిలోని గేట్‌వే4 కీ వాడకండి. జరుపులన్నీ స్పేస్ బార్‌తోనే, ట్యాబ్ పడితే ఫైలు చదవదు.

ఇంకో రెండు సంగతులు ఇప్పుడే రాసేయండి. ఒకటి, బీఆర్0కు మ్యాక్‌అడ్రస్ కీలో కార్డు మ్యాక్‌నే ఇవ్వండి. ఇవ్వకపోతే బ్రిడ్జ్‌కు కొత్త మ్యాక్ పుట్టి, రౌటర్‌లో పాత మ్యాక్‌కు రిజర్వ్ చేసిన ఐపీ రాకుండా పోతుంది. స్టాటిక్ ఐపీ వాడేవారికి ఈ బాధ తక్కువ, డీహెచ్‌సీపీ వాడేవారికి మాత్రం తప్పనిసరి. రెండోది, పారామీటర్స్ కింద ఎస్‌టీపీకి (నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా చూసే ప్రోటోకాల్‌కు) ఫాల్స్, ఫార్వర్డ్-డిలేకు 0. నెట్‌ప్లాన్‌లో ఎస్‌టీపీ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అలా వదిలేస్తే పోర్టు లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు గడిపాకే ట్రాఫిక్ వదులుతుంది, ఈలోపు వీఎం డీహెచ్‌సీపీ అడిగి అడిగి మానేస్తుంది. అంతకన్నా పెద్ద ముప్పు గోడ అవతలి స్విచ్‌తో. ఎస్‌టీపీ నడిపే బ్రిడ్జ్ బీపీడీయూలు (ఎస్‌టీపీ సందేశాలు) పంపుతుంది. ఆ స్విచ్ పోర్టుకు బీపీడీయూ గార్డ్ పెట్టి ఉంటే పోర్టే షట్‌డౌన్ అవుతుంది, హోస్ట్‌తో సహా అన్నీ పోతాయి. అయితే ఎస్‌టీపీ ఆపాక బ్రిడ్జ్‌కు బయటి కార్డు ఒక్కటే ఉండాలి. వేగం కోసం రెండు కార్డులు పెడితే లూప్ పడి ఆఫీసు లాన్ అంతా కుదేలవుతుంది. రెండూ కావాలంటే ముందు బాండ్ కట్టి (రెండు కార్డులనూ ఒకటిగా కలిపి), ఆ బాండ్‌ను బ్రిడ్జ్‌లో పెట్టాలి.

ఫైలు పర్మిషన్ 600 చేయండి. క్లౌడ్-ఇనిట్ (బూట్ సమయంలో సెట్టింగులు రాసే సాధనం) రాసిన ఫైలు ఉంటే దాని నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్‌ను డిసేబుల్ చేయాలి, లేదంటే మీ మార్పు మీద అది మళ్లీ రాసే ప్రమాదముంది. ఫోల్డరులో రెండు ఫైళ్లుంటే నెట్‌ప్లాన్ రెండింటినీ కలిపి చదువుతుంది. అడ్రసుల జాబితాలైతే ఒకదానికొకటి కలిసిపోతాయి కూడా, కనుక పాత ఫైలులో ఐపీ మిగలనివ్వకండి.

మామూలుగా 'నెట్‌ప్లాన్ ట్రై' 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే వెనక్కి తిప్పుతుంది. బ్రిడ్జ్‌కు పారామీటర్స్ రాసినప్పుడు మాత్రం ఆ సౌకర్యం లేదు, వెనక్కి తిప్పలేనని చెప్పి అప్లై వాడమంటుంది. ముందు కన్సోల్ గురించి అంత గట్టిగా చెప్పింది ఇందుకే. 'నెట్‌ప్లాన్ జనరేట్'తో తప్పులు చూసుకుని, 'నెట్‌ప్లాన్ అప్లై' కొట్టండి. తర్వాత ఐపీ బీఆర్0 దగ్గర మాత్రమే కనపడాలి, డిఫాల్ట్ రూట్ బీఆర్0 గుండా వెళ్లాలి, 'బ్రిడ్జ్ లింక్'లో ఈఎన్ఓ1 పక్కన మాస్టర్ బీఆర్0, స్టేట్ ఫార్వర్డింగ్ అని ఉండాలి.

వీఎంను తగిలించడం

కొత్త వీఎం అయితే వర్ట్-ఇన్‌స్టాల్‌లో నెట్‌వర్క్ ఆప్షన్‌కు బ్రిడ్జ్=బీఆర్0, మోడల్=వర్టియో (వీఎంల కోసం తయారైన కార్డు రకం) ఇస్తే పని అయిపోయినట్టే. ఉన్నదాన్ని మార్చాలంటే 'వర్ష్ ఎడిట్' తెరిచి, ఇంటర్‌ఫేస్ టైప్‌ను నెట్‌వర్క్ నుంచి బ్రిడ్జ్‌కు మార్చి, సోర్స్‌లో నెట్‌వర్క్ డిఫాల్ట్ తీసి బ్రిడ్జ్ బీఆర్0 పెట్టండి. మ్యాక్ వరసను కదపకండి. ఈ మార్పు వీఎం లోపల రీబూట్ చేస్తే పట్టదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. విండోస్ గెస్ట్‌లో (వీఎం లోపలి సిస్టమ్‌లో) వర్టియో డ్రైవర్ ముందే వేయకపోతే కార్డే కనపడదు.

వీఎం లేవగానే హోస్ట్‌లో వీనెట్0 లాంటి పోర్టు పుడుతుంది, 'వర్ష్ డామిఫ్‌లిస్ట్'లో ఏది ఎవరిదో తెలుస్తుంది. గెస్ట్ మ్యాక్ 52:54:00తో మొదలైతే హోస్ట్ వైపు పోర్టు మ్యాక్ ఎఫ్ఈ:54:00తో మొదలవుతుంది, కంగారు పడక్కర్లేదు. 'వర్ష్ డామిఫ్‌యాడర్' ఖాళీగా వస్తే కూడా అంతే. అది మామూలుగా లిబ్‌వర్ట్ సొంత డీహెచ్‌సీపీ లీజులనే చూస్తుంది, ఇప్పుడు ఐపీ ఇచ్చేది మీ రౌటర్. సోర్స్ ఆప్షన్‌కు ఏజెంట్ (గెస్ట్‌లో నడిచే సహాయక ప్రోగ్రామ్) లేదా ఏఆర్‌పీ (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో తెలిపే పద్ధతి) ఇచ్చి అడగండి.

పని చేయకపోతే

ఊహించుకుంటూ కూర్చోకుండా ఫ్రేము ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. వీఎం నుంచి గేట్‌వేకు పింగ్ పెట్టి వదిలి, హోస్ట్‌లో టీసీపీడంప్‌ను (వెళ్లే ప్యాకెట్లను చూపే టూల్‌ను) మొదట వీనెట్0 మీద, తర్వాత ఈఎన్ఓ1 మీద నడపండి. వీనెట్0లోనే ఏమీ లేకపోతే తప్పు గెస్ట్‌లో ఉంది. వీనెట్0లో కనపడి ఈఎన్ఓ1లో లేకపోతే హోస్ట్‌లో ఆగుతోంది. ఈఎన్ఓ1 దాటి బయటికి వెళ్లి జవాబు రావడం లేదంటే బయటి స్విచ్‌ను అనుమానించండి. పోర్ట్ సెక్యూరిటీలో ఒక పోర్టుకు ఒకటే మ్యాక్ అని పెట్టి ఉండొచ్చు. ఈఎస్ఎక్స్ఐ (వీఎంవేర్ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్) మీద ఈ హోస్టే ఒక వీఎం అయితే, పోర్ట్ గ్రూపులో ప్రామిస్క్యువస్ మోడ్, ఫోర్జ్‌డ్ ట్రాన్స్‌మిట్స్ రెండూ యాక్సెప్ట్‌లో ఉన్నాయేమో చూడాలి.

హోస్ట్‌లోనే ఆగుతున్న కేసుల్లో మొదట అడగాల్సింది: అదే మెషీన్‌లో డాకర్ (కంటెయినర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉందా? దీని గుర్తు చాలా స్పష్టం. వీఎం ఏఆర్‌పీ అడిగితే గేట్‌వే నుంచి జవాబు వస్తుంది, హోస్ట్‌కూ వీఎంకూ మధ్య పింగ్ బాగానే నడుస్తుంది, బయటికి మాత్రం ఒక్క ఐపీ ప్యాకెట్ పోదు. డాకర్ వల్ల బీఆర్-నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ లోడ్ అయితే బ్రిడ్జ్ మీది ఐపీ ట్రాఫిక్ కూడా ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) గుండా నడుస్తుంది, అక్కడ ఫార్వర్డ్ చెయిన్ పాలసీని డాకర్ డ్రాప్‌కు మార్చి ఉంటుంది. ఏఆర్‌పీ ఆ దారిన పోదు కాబట్టే అది బతికిపోయింది. ఆ మాడ్యూల్ చెక్‌ను సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగుల్లో) 0 చేయమని చాలామంది చెబుతారు, కానీ దాంతో కంటెయినర్ల మధ్య పెట్టుకున్న అడ్డుగోడలు కూలొచ్చు. డాకర్-యూజర్ చెయిన్‌లో, బీఆర్0 నుంచి లోపలికి వచ్చి బీఆర్0 నుంచే బయటికి పోయే ట్రాఫిక్‌ను యాక్సెప్ట్ చేసే ఒక్క రూల్ రాయడమే మంచిది.

ఒక వీఎంను క్లోన్ చేసి రెండు చేస్తే, మ్యాక్‌లు వేరైనా రెండింటికీ ఒకే ఐపీ వస్తుంటుంది. ఉబుంటు గెస్ట్ డీహెచ్‌సీపీకి తన గుర్తింపుగా మెషీన్-ఐడీ నుంచి పుట్టిన నంబరు పంపుతుంది, క్లోన్‌లో అదీ కాపీ అవుతుంది. క్లోన్ చేసే ముందు ఈటీసీలోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి (డిలీట్ కాదు), లేదా వర్ట్-సిస్‌ప్రెప్ నడపండి. గెస్ట్ నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్‌కు మ్యాక్ అని రాసినా సరిపోతుంది.

ఓపెన్ వీస్విచ్ ఎప్పుడు

ఒక లాన్, నాలుగైదు వీఎంలు ఉన్నచోట ఓపెన్ వీస్విచ్ (బ్రిడ్జ్ కన్నా ఎక్కువ సౌకర్యాలున్న సాఫ్ట్‌వేర్ స్విచ్) అక్కర్లేదు, బ్రిడ్జే హాయి. అకౌంట్స్ వీఎంలు వీలాన్ (ఒకే లాన్‌లో వేరు చేసిన నెట్‌వర్క్) 10లో, టెస్టింగ్‌వి వీలాన్ 20లో ఉండాలి, ఒకే కేబుల్ మీద ట్రంక్‌గా (అన్ని వీలాన్‌లూ కలిసి) రావాలి అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. 'ఓవీఎస్-వీఎస్‌సీటీఎల్ యాడ్-బీఆర్'తో స్విచ్ కట్టి, 'యాడ్-పోర్ట్'తో కార్డును చేర్చాలి. ఐపీ విషయంలో పైన చెప్పిన నియమమే ఇక్కడా. వీఎం ఎక్స్ఎంఎల్‌లో సోర్స్ బ్రిడ్జ్‌తో పాటు వర్చువల్‌పోర్ట్ టైప్‌గా ఓపెన్‌వీస్విచ్ రాయాలి. అది లేకపోతే లిబ్‌వర్ట్ దాన్ని మామూలు లైనక్స్ బ్రిడ్జ్ అనుకుని చేర్చబోయి వీఎంను స్టార్ట్ చేయకుండానే ఆగిపోతుంది.

వీలాన్ ట్యాగును కూడా ఆ ఎక్స్ఎంఎల్‌లోనే పెట్టండి. నడుస్తున్న వీనెట్3కు కమాండుతో ట్యాగు 10 ఇస్తే వెంటనే పని చేస్తుంది, కానీ వీఎం ఆపి లేపగానే పోర్టు కొత్తగా పుట్టి ట్యాగు లేకుండా వస్తుంది. ఓపెన్ వీస్విచ్‌లో ట్యాగు లేని పోర్టు అంటే ట్రంక్, అన్ని వీలాన్‌ల ట్రాఫిక్కూ ఆ వీఎంకు అందుబాటులో ఉంటుంది. అందుకని ప్రతి వీఎం లేపాక 'ఓవీఎస్-వీఎస్‌సీటీఎల్ షో' కొట్టి, వీనెట్ పోర్టుల్లో ట్యాగు లేనిది ఏదైనా ఉందా అని చూడండి. ట్యాగు లేకుండా ఉండాల్సింది ఈఎన్ఓ1, ఇంకా బ్రిడ్జ్ సొంత పోర్టు మాత్రమే.