వీణ సాధన: రోజుకు నలభై నిమిషాలే ఉంటే ఎలా?

వారానికి రెండు క్లాసులు, మిగతా రోజుల్లో ఇంట్లో సాధన. ఆ సాధనలో చాలామంది చేసేది, వచ్చిన వర్ణాన్ని (కర్ణాటక సంగీతంలో ఒక రకం రచన) మొదటి నుంచి చివరిదాకా నాలుగుసార్లు వాయించి లేవడం. బాగా వచ్చే చోటు ఇంకాస్త బాగుపడుతుంది, రాని చోట అదే తప్పు నాలుగుసార్లు పడుతుంది. అందుకే ఉన్న సమయంలో సగం రాని చోటుకే ఇవ్వండి.

ముందు శ్రుతి

ఫోన్‌లో తంబుర యాప్ పెట్టుకుని వాయించే నాలుగు తీగల్లో మొదటిదైన సారణిని షడ్జానికి, అంటే ‘స’కు చేర్చండి. తర్వాత మిగతా మూడూ: పంచమం, మంద్రం, అనుమంద్రం, చివరికి పక్కనున్న మూడు తాళపు తీగలు. తీగలు చుట్టిన బిరడలు తిప్పి దగ్గరికి తెచ్చి, మిగిలిన చిన్న తేడాను తీగల రెండో కొసన ఉండే లంగర్ల మీది రింగులు జరిపి సరిచేయాలి. ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. శ్రుతి కలవని వీణ మీద గంట వాయించే కన్నా ఆ రోజు మానేయడమే మేలు.

వీణను ఎండ తగిలే చోట ఉంచొద్దు. దాని 24 మెట్లనూ (వేలు పెట్టి స్వరం పలికించే అడ్డపట్టీలను) మైనంలో కూర్చుతారు. వేడికి మైనం మెత్తబడి మెట్టు కదిలితే, చెవి ఆ తప్పు స్వరానికే అలవాటు పడిపోతుంది.

పది నిమిషాలు వరసలు

ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లకు కొద్దిగా కొబ్బరినూనె రాసుకోండి. మాయామాళవగౌళ రాగంలో ఒక సరళి వరస, ఒక జంట వరస (ప్రతి స్వరం రెండేసిసార్లు వచ్చేది) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వాయించండి. జంటలో రెండో స్వరం మీద ఊనిక పడుతోందో లేదో వినండి. మూడో కాలం తడబడితే రెండో కాలంతో ఆపేయండి, సిగ్గేమీ లేదు.

ఇక రాని చోటు

తప్పు పడేది సాధారణంగా ఆవర్తనమంతా (తాళం ఒక పూర్తి చుట్టు) కాదు, రెండు మూడు స్వరాల దగ్గరే. ఆ ముక్కను పట్టుకోండి. వాయించడం ఆపి దాన్ని పాడి చూడండి. పాడలేకపోతే అది ఇంకా చెవికే ఎక్కలేదు, వేళ్లను తిట్టి లాభం లేదు.

పాడగలిగితే చిక్కు చేతుల్లో ఉన్నట్టు. సారణి మీద షడ్జం నుంచి కింది నిషాదానికి (‘ని’కి) దిగాలంటే పంచమం తీగకు మారాలి. చాలామందికి కుడిచేయి ఆలస్యమయ్యేది అక్కడే. ఆ రెండు స్వరాలనే నెమ్మదిగా, మీటు సమంగా పడేదాకా వాయించండి.

గమకంలో (స్వరాన్ని ఊపి పలికించడంలో) తేడా వస్తే, తీగ లాగి అందుకోవాల్సిన స్వరాన్ని ముందు దాని సొంత మెట్టు మీద మీటి వినండి. తర్వాత కింది మెట్టు మీద తీగ లాగి సరిగ్గా అక్కడికే చేర్చండి. కొందరు ఎప్పుడూ కాస్త తక్కువే లాగుతారు, అదే సరైన స్వరం అనుకుంటారు కూడా.

ముక్క వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే, ముందూ వెనకా ఉన్న స్వరాలు కలిపి వాయించండి. అతుకు దగ్గర మళ్లీ తడబడడం మామూలే. అప్పుడే చిటికెన వేలితో తాళపు తీగలు కూడా మీటండి: ఆదితాళమైతే ఒకటో, ఐదో, ఏడో అక్షరాల మీద.

వేలి కొసన తీగ గీత పడి మండడం కొత్తల్లో సహజం. మణికట్టు గానీ భుజం గానీ నొప్పెడితే మాత్రం ఆపి, కూర్చునే తీరు గురువుగారికి చూపించండి.

చివరి ఐదు నిమిషాలు వర్ణం మొత్తం ఒక్కసారి వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. మర్నాడు సాధనకు కూర్చునే ముందు అది విని, ఆ రోజు పట్టుకోవాల్సిన ముక్కను నోట్‌బుక్‌లో రాసుకోండి.