గినీ పిగ్ మేత గుళికలా? ముందు తయారీ తేదీ చూడండి

మనలాగే, ఇంట్లో పెంచుకునే చిన్న ఎలుకజాతి జంతువులైన గినీ పిగ్‌లు కూడా విటమిన్ సి ని ఒంట్లో తయారు చేసుకోలేవు. కుందేళ్ల గుళికల్లో మామూలుగా అది కలపరు, కాబట్టి అవి పనికిరావు. ప్యాకెట్ వెనక పదార్థాల్లో మొదటి పేరు తిమోతీ గడ్డి అయ్యుండాలి. 6 నెలల లోపు గినీ పిగ్ పిల్లలకైతే అల్ఫాల్ఫా గడ్డి ఫర్వాలేదు. రంగురంగుల గింజలు కలిపినవి మన కళ్లకే బాగుంటాయి, గినీ పిగ్‌లేమో తీపివి ఏరుకుని మిగతావి వదిలేస్తాయి.

మా అమలాపురం ఉక్కకి, వానాకాలం చెమ్మకి గుళికల్లోని విటమిన్ సి తొందరగా పోతుంది, తయారీ తేదీ చూడమన్నది అందుకే. చవకని 5 కిలోల బస్తా కొని నేనూ సగం పారబోశాను. ఇప్పుడు కిలో ప్యాకెట్టే, అదీ బిగుతు మూత డబ్బాలో. పెద్దదానికి రోజుకి 2 టేబుల్ స్పూన్ల గుళికలు చాలు, మిగతా పొట్టంతా ఎండుగడ్డిదే. పక్కన ఓ క్యాప్సికం ముక్క.