ఇంటి ఈతకొలనుకు ఉప్పునీటి పద్ధతి మేలా, మామూలు క్లోరిన్ మేలా?

ఇంట్లో ఈతకొలను ఉన్నవారికీ, కట్టించుకోబోయేవారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది: మామూలుగా క్లోరిన్ వేసుకోవడం మంచిదా, ఉప్పునీటి పద్ధతికి వెళ్ళడం మంచిదా? జవాబు వెతికే ముందు ఈ ప్రశ్నలో దాగిన పొరపాటును తీసేయాలి. ఉప్పునీటి కొలను కూడా క్లోరిన్ కొలనే. మామూలు పద్ధతిలో క్లోరిన్‌ను డబ్బాలో తెచ్చి నీటిలో కలుపుతాము; ఉప్పు పద్ధతిలో నీటిలో కరిగిన ఉప్పు నుంచి ఒక యంత్రం దానిని అక్కడికక్కడే తయారు చేస్తుంది. సూక్ష్మక్రిములను చంపేది రెండు చోట్లా క్లోరిన్ నీటితో కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లమే. అందువల్ల క్లోరిన్ తమకు పడదన్న కారణంతో ఉప్పునీటి పద్ధతికి మారదలచినవారు ఆ ఆశ వదులుకోవాలి. తేల్చుకోవలసినదల్లా క్లోరిన్‌ను నీటిలోకి ఏ దారిన తేవాలి, ఆ దారి వెంట వచ్చే చాకిరీ మీకు అలవి అవుతుందా అన్నదే.

ముందుగా యంత్రం సంగతి చూద్దాం. దీనిని సాల్ట్ క్లోరినేటర్ అంటారు. ఫిల్టర్ దాటి వచ్చిన నీరు తిరిగి కొలనులో పడే ముందు, గొట్టం మధ్యలో దీని సెల్‌ను అమరుస్తారు. సెల్ లోపల రుథేనియం, ఇరిడియం వంటి లోహాల ఆక్సైడ్ల పూత ఉన్న టైటానియం పలకలు వరుసగా ఉంటాయి. వాటి గుండా తక్కువ వోల్టేజీ డైరెక్ట్ కరెంటు ప్రవహించినప్పుడు ఒక ధ్రువం దగ్గర ఉప్పులోని క్లోరైడ్ క్లోరిన్‌గా మారుతుంది, రెండో ధ్రువం దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలు పుడతాయి. తన పని ముగించుకున్న క్లోరిన్ మళ్ళీ క్లోరైడ్‌గానే మిగులుతుంది కనుక ఉప్పు ఖర్చయిపోదు. ఎండకు ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తగ్గేది ఈతగాళ్ళ వెంట నీరు చిందినప్పుడు, ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేసినప్పుడు, అంటే నీటిని వెనక్కి పంపి దాన్ని కడిగినప్పుడు, వానకు కొలను పొంగి పొర్లినప్పుడు.

ఎక్కువ యంత్రాలు 3,000 నుంచి 3,500 పీపీఎం ఉప్పు దగ్గర పనిచేస్తాయి. పీపీఎం అంటే స్థూలంగా లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35,000 పీపీఎం, మన కన్నీటిలో 9,000 దరిదాపు. అంటే ఈ నీరు సముద్రంలో పదో వంతు ఉప్పన. నాలుకకు తగిలీ తగలనట్టు ఉంటుంది. ఒంటికి మెత్తగా ఉందని చాలామంది చెప్పే మాట అబద్ధం కాదు. అయితే కళ్ళు మండటం, ఘాటు వాసన రావడం మాత్రం క్లోరిన్ ఎక్కువై జరిగేవి కావు. చెమట, మూత్రం వంటి వాటితో కలిసి క్లోరిన్ క్లోరమిన్లుగా మారినప్పుడు వచ్చే ఇబ్బంది అది. మామూలు పద్ధతిలోనైనా క్లోరిన్ తగినంతగా, తగ్గకుండా ఉంటే ఆ వాసన రాదు. ఉప్పు యంత్రం పగలంతా కొద్దికొద్దిగా క్లోరిన్ అందిస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ ఆ నిలకడ సులువుగా దొరుకుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న అసలైన బలం ఇదే.

మామూలు పద్ధతి అనేది నిజానికి ఒకటి కాదు, మూడు. ద్రవ క్లోరిన్, అంటే 10 నుంచి 12 శాతం సోడియం హైపోక్లోరైట్. 65 శాతం పైబడిన కాల్షియం హైపోక్లోరైట్ గుళికలు. నెమ్మదిగా కరిగే ట్రైక్లోర్ బిళ్ళలు. ఇవి క్లోరిన్‌తో పాటు వేరే పదార్థాలను కూడా నీటిలో వదులుతాయి, తేడా అంతా అక్కడే ఉంది. ఆరుబయట కొలనుకు ఎండాకాలంలో రోజుకు సుమారు 3 పీపీఎం క్లోరిన్ కావాలనుకుందాం. ట్రైక్లోర్ ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు 6 పీపీఎం స్టెబిలైజర్‌ను, అంటే సైన్యూరిక్ ఆమ్లాన్ని కలుపుతుంది. ఆ లెక్కన నెల తిరిగేసరికి 54 పీపీఎం, రెండు నెలలకు 100 పైనే. స్టెబిలైజర్ కొంత ఉండాలి. అది లేకపోతే నడి ఎండలో సగం క్లోరిన్ గంటలోపే పోతుంది. కానీ ఎక్కువైతే క్లోరిన్‌ను కట్టిపడేస్తుంది. స్టెబిలైజర్ ఎంత ఉందో అందులో ఏడెనిమిది శాతం మేరకు క్లోరిన్ ఉంచాలన్నది కొలనులు చూసేవారు పాటించే లెక్క. స్టెబిలైజర్ 100 దాటితే 7, 8 పీపీఎం క్లోరిన్ ఉన్నా అది బొటాబొటిగానే సరిపోతుంది. దానిని తగ్గించడానికి కొంత నీరు తీసేసి కొత్త నీరు నింపడం తప్ప ఇంట్లో చేయగల మరో ఉపాయం లేదు. బిళ్ళలు వేస్తూనే ఉన్నా నీరు పచ్చబడుతోందని విస్తుపోయేవారి కొలనుల్లో సాధారణంగా జరిగేది ఇదే.

కాల్షియం హైపోక్లోరైట్ ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు నీటి కాఠిన్యాన్ని 7 పీపీఎం పెంచుతుంది; మీ నీరు ముందే కఠినజలమైతే గోడలకు, గొట్టాలకు గార పడుతుంది. ద్రవ క్లోరిన్ వదిలేది కాస్త ఉప్పు మాత్రమే, దానితో చిక్కు లేదు. అయితే అది నిలవ ఉన్నకొద్దీ, ముఖ్యంగా వేడికి, బలం కోల్పోతుంది. పైగా దాదాపు ప్రతిరోజూ పోయాలి.

ఇక ఎంపిక. వారంలో కొన్ని రోజులు ఇంట ఉండనివారికీ, ఏడాదిలో ఎక్కువ కాలం కొలను వాడేవారికీ ఉప్పు పద్ధతి సరిపోతుందని నేను చెబుతాను. కొలను చిన్నదైనా, ఏడాదిలో రెండు మూడు నెలలే వాడినా, చుట్టూ మెత్తని సహజ రాయి పరిచి ఉన్నా, మామూలు ఇనుప సామగ్రి ఎక్కువగా ఉన్నా ద్రవ క్లోరిన్‌తోనే సాగించడం తెలివైన పని. చిందిన ఉప్పునీరు ఎండి రాతి రంధ్రాల్లో స్ఫటికాలు కట్టి పొరలు పొరలుగా పెచ్చులూడదీస్తుంది. నిచ్చెనలు, పట్టుకమ్మీలు స్టెయిన్‌లెస్ స్టీలువే అయినా 304 రకం కంటే 316 రకం ఉప్పును బాగా తట్టుకుంటుంది. బిళ్ళలను సెలవులకు ఊరెళ్ళే కొద్ది రోజులకు మాత్రమే వాడటం నా పద్ధతి.

ఉప్పు పద్ధతికి మారాలని నిశ్చయించుకుంటే మొదట కొలను ఘనపరిమాణం సరిగ్గా కట్టాలి. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 1.4 మీటర్లు అయితే 44.8 ఘనపు మీటర్లు, అంటే 44,800 లీటర్లు. రోజుకు 3 పీపీఎం చొప్పున దానికి కావలసిన క్లోరిన్ సుమారు 134 గ్రాములు. పంపు రోజుకు 8 గంటలు నడిస్తే గంటకు 17 గ్రాములు తయారు కావాలి. అలాగని సరిగ్గా 17 గ్రాముల యంత్రం కొనకూడదు. అది ఎల్లవేళలా పూర్తి సామర్థ్యంతో నడిచి త్వరగా అరిగిపోతుంది. 25 నుంచి 30 గ్రాముల యంత్రాన్ని 60 శాతం దగ్గర నడిపితే సెల్ ఎక్కువ కాలం మన్నుతుంది. వాడకాన్ని బట్టి సెల్ ఆయుష్షు మూడు నుంచి ఏడేళ్ళు ఉంటుంది. ఈ పద్ధతిలో పెద్ద ఖర్చు ఉప్పు కాదు, ఆ సెల్ మార్పిడే; లెక్క వేసేటప్పుడు దానిని మరచిపోవద్దు.

తర్వాత, నీటిలో ఇప్పటికే ఎంత ఉప్పు ఉందో పరీక్షించాలి. ఏళ్ళ తరబడి ద్రవ క్లోరిన్ పోసిన కొలనులో అది చెప్పుకోదగినంత ఉంటుంది. పై కొలనులో 500 పీపీఎం ఉందనుకుంటే, 3,200కు చేర్చడానికి ఇంకా 2,700 కావాలి, 44.8ని 2.7తో గుణిస్తే 121 కిలోలు. అయోడిన్ గానీ, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు గానీ లేని, 99 శాతం పైబడిన స్వచ్ఛమైన ఉప్పే వాడాలి. లెక్క తేలిన ఉప్పులో ముప్పాతిక వంతు మాత్రమే మొదట వేయండి. తక్కువైతే మళ్ళీ కలపవచ్చు, ఎక్కువైతే నీరు తోడి పోయక తప్పదు. క్లోరినేటర్ ఆపి, పంపు మాత్రం నడుపుతూ, అంచుల వెంట తిరుగుతూ చల్లి, అడుగున కుప్పపడిన ఉప్పును బ్రష్షుతో కదపాలి. 24 గంటల తర్వాత కొలిచి, మిగిలినది కలిపి, అది కూడా పూర్తిగా కరిగాకనే యంత్రం వేయాలి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన కొలనైతే దాదాపు నెల రోజులు ఆగిన తర్వాతే ఉప్పు కలపాలి.

విద్యుత్ పనిని అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. పంపు ఆగితే క్లోరినేటర్ కూడా తప్పనిసరిగా ఆగిపోయేలా రెండింటినీ ముడిపెట్టాలి; నీరు కదలని సెల్‌లో హైడ్రోజన్ పోగుపడితే అది పేలే ప్రమాదం ఉంది. కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్ లేకుండా కొలను దగ్గర ఏ విద్యుత్ పరికరమూ పెట్టవద్దు.

యంత్రం వచ్చాక కూడా పని ఉంటుంది, పని రూపం మారుతుందంతే. సెల్‌లో పుట్టే బుడగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేస్తాయి కాబట్టి నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత అయిన పీహెచ్ క్రమంగా పెరుగుతుంది. 7.2 నుంచి 7.8 మధ్య ఉండవలసిన పీహెచ్ పైకి పాకిన కొద్దీ క్లోరిన్ బలం తగ్గుతుంది, సెల్‌కు గార పడుతుంది. అందుచేత వారానికి ఒకటి రెండు సార్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొలతగా పోయవలసి రావచ్చు. మొత్తం క్షారతను, అంటే నీటిలో కరిగిన బైకార్బొనేట్ వంటి క్షారాల మొత్తాన్ని, 60 నుంచి 80 పీపీఎం మధ్య ఉంచితే ఈ పెరుగుదల నెమ్మదిస్తుంది. మామూలు క్లోరిన్ కొలనుకు 80 నుంచి 120 వరకు ఉండవచ్చు. స్టెబిలైజర్ ఉప్పు కొలనులో 60 నుంచి 80, ద్రవ క్లోరిన్ కొలనులో 30 నుంచి 50 ఉంటే చాలు. కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 మధ్య ఉంచాలి. క్లోరిన్ ఎప్పుడూ కనీసం 1 పీపీఎం, స్టెబిలైజర్ వాడితే కనీసం 2 పీపీఎం ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సిఫారసు. ఇది కనిష్ఠం మాత్రమే. స్టెబిలైజర్‌ను బట్టి పైన చెప్పిన లెక్క ప్రకారం ఇంకాస్త ఎక్కువే కావాలి.

నెలకోసారి పంపు, విద్యుత్తు ఆపి సెల్‌ను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి. పలకల మధ్య తెల్లని పొరలు అల్లుకొని ఉంటే మొదట నీటి ధారతో కడగాలి. అప్పటికీ పోకపోతే నాలుగైదు పాళ్ళ నీటిలో ఒక పాలు ఆమ్లం కలిపి, ఆ ద్రావణం సెల్‌లో పోసి, బుసబుస పొంగడం ఆగేవరకు ఉంచి కడిగేయాలి. ఎప్పుడైనా నీటిలోనే ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు పోయకూడదు. కత్తితో గానీ, స్క్రూడ్రైవరుతో గానీ గీకితే గారతో పాటు పూత కూడా లేచిపోతుంది. ఉప్పు తక్కువైందని యంత్రం హెచ్చరించగానే సంచి విప్పవద్దు. సెల్‌కు గార పట్టినా, నీరు బాగా చల్లబడినా అదే హెచ్చరిక వెలుగుతుంది. విడిగా పరీక్ష చేసి చూసుకోండి. నీరు 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే చాలా యంత్రాలు ఉత్పత్తిని తగ్గిస్తాయి లేదా ఆపేస్తాయి. ఆ రోజుల్లో ద్రవ క్లోరిన్ పోసుకోక తప్పదు.

మామూలు పద్ధతిలో ఉండదలచినవారికి చెప్పవలసినది ముఖ్యంగా భద్రత గురించి. పై కొలనుకు రోజుకు కావలసిన 134 గ్రాములు 10 శాతం ద్రవ క్లోరిన్‌లో సుమారు లీటరుంబావు నుంచి లీటరున్నర లోపు. దానిని ఎండ తగ్గాక, పంపు నడుస్తుండగా, నీరు తిరిగి పడే ధార ముందు మెల్లగా పోయాలి. ట్రైక్లోర్ బిళ్ళలూ, కాల్షియం హైపోక్లోరైట్ గుళికలూ ఒకదానికొకటి తగిలితే మంటలు లేవవచ్చు, పేలవచ్చు. ఒకదాని డబ్బాలో వాడిన గరిటెను కూడా మరొకదానిలో పెట్టకూడదు. ఆమ్లాన్నీ, హైపోక్లోరైట్‌నూ ఒకే అరలో ఉంచవద్దు. అవి కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఏ పద్ధతైనా నీటిని పరీక్షించడం మీ చేతి పనే. సీసాను బోర్లించి మోచేతి లోతుకు ముంచి, అక్కడ తిప్పి నింపాలి. తిరిగి పడే ధార దగ్గర నుంచి తీసుకోకూడదు. ఒకసారి, బంధువుల పిల్లలు రోజంతా ఈదిన మర్నాడు, క్లోరిన్ ఉంటే నీటిని గులాబీ రంగుకు మార్చే డీపీడీ అనే పరీక్ష మందు వేస్తే నా గాజు గొట్టంలో నీరు తెల్లగానే ఉండిపోయింది. క్లోరిన్ పూర్తిగా అయిపోయిందనుకొని రెండు లీటర్లు పోశాను. సాయంత్రానికీ అదే తెలుపు. మూడోసారి కళ్ళార్పకుండా చూస్తే, మందు పడిన చోట గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. క్లోరిన్ లేక కాదు, మరీ ఎక్కువై రంగునే విరిచేసిందన్నమాట. ముందు రాత్రి నేను పోసినది మోతాదు మించింది. ఇటువంటప్పుడు నమూనాకు అంతే కొలత స్వేదనజలం కలిపి మళ్ళీ పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోవాలి.

నీరు పచ్చబడితే ఉప్పు యంత్రాన్ని నమ్ముకొని కూర్చోవద్దు. అది నెమ్మదిగా ఉత్పత్తి చేసేది కనుక పాచి పెరుగుదలను అందుకోలేదు. ద్రవ క్లోరిన్‌తో స్థాయిని ఒక్కసారిగా పెంచి, గోడలు రుద్ది, నీరు తేటపడేవరకు పంపును ఆపకుండా నడిపించాలి. పాచి వదిలిన తర్వాత బ్యాక్‌వాష్ నీటిని మొక్కల పాదుల్లోకి మళ్ళించకండి. ఉప్పునీరు మట్టిలో పేరుకుంటే చెట్లు ఆకు కొనల నుంచి మాడిపోతాయి కనుక, ఆ గొట్టాన్ని స్థానిక నిబంధనలు అనుమతించే మురుగు కాలువకే కలపాలి.