డాబా మీద గది: నా లెక్క ఎక్కడ తప్పిందంటే

డాబా మీద 12×10 గది వేద్దామంటే ముగ్గురు మేస్త్రీలు చదరపు అడుగుకి మూడు రేట్లు చెప్పారు. పక్కింటివాళ్ల ఖర్చు అడిగాను, ఆన్‌లైన్‌లో లెక్కలు వేశాను, బేరమాడాను. ఏదీ కుదరలేదు.

చివరికి సుద్దముక్కతో డాబా మీదే గీత గీసి, "మీ చదరపు అడుగు గోడల వరకా, స్లాబు అంచు వరకా?" అని అడిగాను. తిరకాసంతా అక్కడే ఉంది! గోడల వరకైతే 120. నాలుగు వైపులా స్లాబు ఒక్కో అడుగు బయటికొస్తే 14×12, అంటే 168. రేటు తక్కువ చెప్పినాయనదే మొత్తం ఎక్కువ తేలింది. ఆ తర్వాత ఇసుక పైకి మోసే కూలి, సెంట్రింగ్ (స్లాబు పోసేటప్పుడు కింద కట్టే తాత్కాలిక ఆధారం), ప్లాస్టరింగ్ ఎవరి ఖర్చో నోట్‌బుక్‌లో రాసి సంతకం పెట్టించాను. డబ్బులు కూడా స్లాబుకి కొంత, ప్లాస్టరింగ్ అయ్యాక కొంత.

మాకు పిల్లర్ల చువ్వలు ముందే పైకి వదిలి ఉన్నాయి. మీకు లేకపోతే ముందు ఇంజినీరుకి చూపించండి, అప్పుడు ఈ లెక్క సరిపోతుందని నేను చెప్పలేను.