కోడలు లూథరన్, మనం ఆర్.సి.ఎం.: పెళ్లికి ముందు చూసుకోవాల్సినవి

మేం ఆర్.సి.ఎం., అంటే రోమన్ కతోలికులం. మా చిన్నోడు తిరుపతిలోనే ఒక లూథరన్ (ప్రొటెస్టెంటు సంఘం) అమ్మాయిని చేసుకుంటానన్నప్పుడు మా ఆడబిడ్డ అడిగిన మొదటి మాట, "ఆ పిల్లకు మళ్లీ జ్ఞానస్నానం ఇప్పిస్తారు కదా వదినా?" అని. ఇప్పించం. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అడగకుండా ఉండరు, అందుకే ముందు ఇదే చెప్తా.

నీళ్లతో, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామాన ఇచ్చిన జ్ఞానస్నానాన్ని శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, రెండోసారి ఇవ్వదు. లూథరన్లది, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లది చెల్లుతుంది. వాళ్లు బాప్తిస్మం అంటారు, మనం జ్ఞానస్నానం అంటాం. "యేసు నామంలో" అని మాత్రమే ఇచ్చే కొన్ని పెంతెకొస్తు సంఘాలది మాత్రం చెల్లదు, దానికి దారి వేరే. కాబట్టి ఏ సంఘమని అడిగి ఊరుకోకండి, ఏ మాటలు పలికి ఇచ్చారో కూడా అడగండి.

తర్వాత కాగితాలు. మా కోడలి పేరున్న బాప్తిస్మం రిజిస్టరును చెదలు తినేసినాయి. మేమేదో అనుమానపడుతున్నామని వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజానికి ఆ రోజు అక్కడున్న నమ్మకమైన సాక్షి ఒక్కరు రాసిచ్చినా చాలు. వాళ్ల మేనత్త రూళ్ల కాగితం మీద రాసిచ్చింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చిందని, పాస్టరు గారి చొక్కా తడిసిందని కూడా రాసింది పాపం! మన అబ్బాయి జ్ఞానస్నానం సర్టిఫికెట్టు బీరువాలోని పాతది పనికిరాదు, కొత్తగా తీయించాలి. పెళ్లి వివరం జ్ఞానస్నానం రిజిస్టరులోనే ఎక్కిస్తారు కాబట్టి, కొత్త కాపీ చూస్తే ఇదివరకు పెళ్లైందో లేదో తెలుస్తుంది.

పిల్ల వేరే సంఘం కాబట్టి మేత్రాణుల (బిషప్పు గారి) అనుమతి కావాలి. మన తిరుపతి, చిత్తూరు కడప పీఠం కింద ఉన్నాయి. మీరు బస్సెక్కక్కర్లేదు, విచారణ గురువులే (మన గుడి ఫాదరే) అర్జీ పంపిస్తారు. కానీ కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టకముందే ఆయన్ని కలవండి. మేం కట్టేసి వెళ్లి చీవాట్లు తిన్నాం.

పిల్లల్ని కతోలికులుగా పెంచడానికి చేతనైనంత చేస్తానని మాట ఇవ్వాల్సింది మన అబ్బాయి. అమ్మాయికి ఆ సంగతి తెలియజేస్తారు, అంతే. ఆమె సంతకం పెట్టాలన్నది పాతకాలపు పద్ధతి, 1970లోనే పోయింది. ఆమెను మారమని కూడా ఎవరూ అడగరు. మా కోడలు సెప్టెంబరు 8 పండక్కి నాతో వేళాంగణ్ణి వచ్చింది, మొక్కు మాత్రం నాది.

ఇక పెళ్లిరోజు. పూజ (మాస్) లేకుండా వివాహం మాత్రమే జరిపించమని అడగండి. మామూలుగా అదే పద్ధతి. పూజ పెడితే సత్ప్రసాదం (ప్రభువు అప్పం) తీసుకునే దగ్గర మనవాళ్లు లేస్తారు, వియ్యాలవారు కూర్చునే ఉంటారు. చూడ్డానికి బాగుండదు. పెళ్లిలో చదివే బైబిలు పఠనం కూడా ఇద్దరి బైబిళ్లలో ఉన్నది పెట్టుకోండి. మేం తోబితు గ్రంథం పెట్టినాం. మన బైబిల్లో 73 పుస్తకాలు, వాళ్లదాంట్లో 66. తోబితు వాళ్లకు లేదు. వియ్యంకుడు పఠనం అయిపోయేదాకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. కొరింథీయుల మొదటి లేఖ 13వ అధ్యాయమైతే ఈ తిప్పలుండేది కాదు.

పరలోక జపంలో మనం "కీడునుండి" దగ్గర ఆగిపోతాం. వాళ్లు రాజ్యము, బలము, మహిమ అంటూ ఇంకో వరుస చెప్తారు. ఆ రోజు గుడి సగం ఆగింది, సగం సాగింది. ఫాదర్ కళ్లు మూసుకుని వాళ్లు ఆమెన్ అనేదాకా ఆగినాడు. ఆ వరుస మన పూజలోనూ ఉంది, కాస్త తర్వాత వస్తుంది. పాటల కాగితం అచ్చేయించేటప్పుడే దాన్ని కూడా వేయించమని ఫాదర్‌ని అడగండి.