జీతం పెరిగినా ఈఎస్‌ఐ పోలేదు

గాజువాక ఆటోనగర్‌లో నా ఉద్యోగం. నిరుడు జూలైలో నెల జీతం ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) 21,000 రూపాయల పరిమితి దాటింది. ఇక ఈఎస్‌ఐకి నమస్కారం అనుకుని, కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ కార్డు జేబులో పెట్టుకున్నాను. ఫిబ్రవరిలో కామెర్లు వచ్చాయి. ఆసుపత్రి ఖర్చు పాలసీ భరించింది. మంచానికి అతుక్కుపోయిన 24 రోజుల జీతం మాటేమిటి?

పాత జీతం చీటీలు తీశాను. మధ్యలో జీతం పెరిగినా సెప్టెంబరు 30 దాకా చందా కోత ఆగదు. ఏప్రిల్-సెప్టెంబరు మధ్య 78 రోజుల చందా ఉంటే, దాని ఫలం, అంటే జబ్బు రోజుల జీతానికి బదులు ఈఎస్‌ఐ ఇచ్చే భత్యం, మరుసటి జనవరి నుంచి జూన్ వరకు అందుతుంది. నాటిన కాలం ఒకటి, పంట కోసే కాలం ఇంకొకటి! అంటే ఫిబ్రవరిలో నాకు హక్కు ఉంది.

అసలు చిక్కు సెలవుల దగ్గర వచ్చింది. జీతంతో కూడిన సెలవు తీసుకున్న రోజుకు ఈఎస్‌ఐ భత్యం రాదు. మా గుమాస్తా, పాపం మేలు చేద్దామనే, నాకున్న 8 సెలవులూ రాసేయబోయాడు. ఆపించాను. భత్యం ఎలాగూ ఇవ్వని మొదటి రెండు రోజులకే సెలవు వాడి, ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టరు ధ్రువపత్రంతో మిగతా 22 రోజులకు దరఖాస్తు పెట్టాను. వేతనంలో 70 శాతం లెక్కన డబ్బు బ్యాంకులో పడింది. మిగిలిన ఆరు సెలవుల్లో ఒకటి సింహాచలం చందనోత్సవానికి దాచుకున్నాను.